నాజిల్ కొట్టనియ్యని అన్న

కొనకనమిట్ల వైపు నుంచి గేటు కీళ్ళ కోసం వచ్చిన రైతు ఒకాయన, నేను కీళ్ళు ఏరి పొట్లం కడుతుంటే మాటల్లో మాటగా అన్నాడు: "మీ రోడ్డులో వెల్డింగు అన్న పోయినాడంట కదమ్మా."

మా రోడ్డులో వెల్డింగు అన్నలకు కరువు లేదు. మార్కాపురంలో కంభం వైపు పోయే దారిలో మా హార్డ్‌వేర్ దుకాణానికి అటు చూసినా ఇటు చూసినా ఒక రేకుల షెడ్డు ఉంటుంది, ఆ షెడ్డులో ఒక అన్న ఉంటాడు. "ఏ అన్న?" అని అడిగాను.

ఆయన కాసేపు తల గోక్కున్నాడు. పేరు గుర్తు రాలేదు. "అదేనమ్మా, నాజిల్ కొట్టనియ్యడే, ఆ అన్న" అన్నాడు.

పురికొస నా చేతిలోనే ఉండిపోయింది. ఆయన షెడ్డు మా దుకాణానికి సరిగ్గా ఎదురుగా ఉండేది. ఒంట్లో బాగాలేక కొన్నాళ్ళ కిందటే దాన్ని ఇంకొకరికి అప్పగించి సొంత ఊరు వెళ్ళిపోయాడు. అక్కడ పోయాడన్న కబురు మాకు ఇట్లా, గేటు కీళ్ళ కోసం వచ్చిన మనిషి నోట తెలిసింది. ఆ పొట్లం ఎట్లా కట్టానో, ఆ రైతుతో ఇంకేం మాట్లాడానో నాకు గుర్తు లేదు. మనసంతా ఎదురు షెడ్డులోకి వెళ్ళిపోయింది.

ఆయనకు పేరు లేక కాదు. బిల్లు మీద నేనే రాసేదాన్ని. కానీ ఆ పేరు చెబితే మార్కాపురంలో ఎవరూ గుర్తుపట్టరు కాబట్టి ఇక్కడ రాసి లాభం లేదు. నాజిల్ కొట్టనియ్యని అన్న అంటే మాత్రం తర్లుపాడు నుంచి గిద్దలూరు దాకా ట్రాక్టరు ఉన్న ప్రతివాడికీ తెలుసు. ట్రాలీ బాగుచేయించుకోవడానికి వచ్చి ఆ షెడ్డులో స్టూలు మీద కూర్చున్నవాళ్ళందరూ ఆయన తిట్లు విన్నవాళ్ళే.

రాష్ట్రం రెండు ముక్కలైన కొత్తల్లో మా రోడ్డుకు గన్ను మిషన్లు వచ్చాయి. అంతకుముందు అందరూ కడ్డీతోనే వెల్డింగు చేసేవాళ్ళు. గన్నులో కడ్డీ ఉండదు. చుట్ట నుంచి తీగ దానంతట అదే వస్తూ ఉంటుంది. గన్ను మూతికి బొటనవేలంత ఇత్తడి గొట్టం తొడిగి ఉంటుంది. దాన్నే నాజిల్ అంటారు. ఆ గొట్టంలో నుంచి తీగ చుట్టూ గ్యాసు వచ్చి, కరిగిన ఇనుముకు గాలి తగలకుండా కాపు కాస్తుంది. చిక్కంతా ఎక్కడంటే, పని జరిగేటప్పుడు చిమ్మే ఇనుప రవ్వలు కొన్ని వెనక్కి వచ్చి ఆ గొట్టం లోపలే అంటుకుంటాయి. చూసుకోకపోతే సాయంత్రానికి నాజిల్ లోపల అడుగంటిన పాలగిన్నెలా తయారవుతుంది. అప్పుడు గ్యాసు సరిగ్గా రాదు. గ్యాసు సరిగ్గా రాకపోతే అతుకులో సూదిబెజ్జాలు పడతాయి. ఇదంతా నేను ఎక్కడో చదివింది కాదు. ఆయన మా కౌంటరు మీద మోచేతులు ఆనించి చెప్పగా చెప్పగా నాకు పట్టుబడింది.

ఆ రవ్వలు రాల్చడానికి మా రోడ్డు కనిపెట్టిన ఉపాయం ఒక్కటే. గన్ను ఎత్తి బల్లకేసి కొట్టడం. పొద్దున షెడ్లు తెరిచింది మొదలు మూసేదాకా టంగ్ టంగ్‌మని అదే మోత. ఇత్తడి మెత్తన కదా, కొద్ది రోజుల్లోనే మూతి సొట్టపోయేది. సొట్టపోయిన నాజిల్ పట్టుకుని మా దుకాణానికి వచ్చేవాళ్ళు, కొత్తది కొనేవాళ్ళు. అందుకని ఆ చప్పుడు చెవిన పడితే మా నాయనకు గుడిగంట విన్నంత తృప్తి. కంటిచూపు తగ్గి గల్లా నాకు అప్పజెప్పాక కూడా గుమ్మం పక్కన కుర్చీ వేయించుకుని, ఏ షెడ్డు నుంచి ఎంత మోత వస్తోందో చెవులతోనే లెక్క వేసేవాడు. ఎదురు షెడ్డు ఒక్కటే చప్పుడు చేసేది కాదు.

"ఈయన ఒక్కడు మన పాలిటి శని పాపా" అనేవాడు మా నాయన, ప్రేమగానే. "ఇట్లాంటోళ్ళు ఇంకో నలుగురుంటే మనం దుకాణం మూసుకోవాల్సిందే."

ఆయన కొట్టేవాడు కాదు. తుమ్మకర్రను నాజిల్ లోపలికి సరిగ్గా పట్టేటట్టు గుండ్రంగా చెక్కుకుని, ఆ పుల్లను చొక్కా జేబులో పెన్నులాగా పెట్టుకుని తిరిగేవాడు. రెండు మూడు అతుకులు పడగానే పని ఆపి నాజిల్ ఊడదీసేవాడు. పుల్ల లోపల పెట్టి మెల్లగా తిప్పితే రవ్వలు గలగలా రాలేవి. ఇనుప చువ్వతో గీకనిచ్చేవాడు కాదు. గీతలు పడితే రవ్వలు ఆ గీతలనే పట్టుకుని ఇంకా గట్టిగా కూర్చుంటాయట. తర్వాత ఒక కన్ను మూసి, నాజిల్‌ను ఎండకేసి ఎత్తి పట్టుకుని లోపలికి చూసేవాడు. నోరు తెరిపించి గొంతు చూసే పిల్లల డాక్టరు గుర్తొచ్చేవాడు నాకు. ఆ చూపు అయిపోయాకే మళ్ళీ గన్ను ముట్టుకునేవాడు, టీ వచ్చినా సరే, టీ తెచ్చిన మనిషి అరిచినా సరే.

ఆయన బల్ల మీద పెద్ద పలకబండ ఒకటి ఉండేది. మా ఊరి పలకల గనుల్లోదే, ఒక మూల విరిగిందని ఎవరో పారేస్తే తెచ్చుకున్నాడు. ఊడదీసిన నాజిల్, దాని వెనక ఉండే చిన్న ముక్కలు ఆ బండ మీద తప్ప ఇంకెక్కడా పెట్టనిచ్చేవాడు కాదు. గన్నును నేల మీద పడేస్తే పిల్లాడు కింద పడ్డంత గొడవ చేసేవాడు. దానికోసం గోడకు పాత సైకిల్ హ్యాండిల్ బిగించి, పని లేనప్పుడు గన్నును ఆ హ్యాండిల్‌కు తగిలించేవాడు.

అర్ధవీడు నుంచి ఒకతను కొత్తగా ఆయన దగ్గర పనికి కుదిరాడు. గడ్డం నెరిసినవాడే, పని బాగా వచ్చినవాడే. మొదటిరోజు అలవాటు కొద్దీ గన్నును బల్లకేసి ఒక్క దెబ్బ వేశాడు. ట్రాలీ మీద నిలబడి ఉన్న ఈయన అక్కడి నుంచి దూకినంత పని చేసి వచ్చాడు.

"ఏంది బావా, నీకు పళ్ళల్లో ఏమన్నా ఇరుక్కుంటే మూతి తీసుకపోయి గోడకేసి కొట్టుకుంటావా?"

"లేదు బావా."

"మరేం చేస్తావు?"

"పుల్ల పెట్టి తీసుకుంటా."

"దానికీ పుల్లే పెట్టు."

ఎదురుగా మేమందరం పడిపడి నవ్వాం. ఆ కొత్తతనూ నవ్వాడు. ఈయన మాత్రం నవ్వలేదు. ఈ విషయంలో ఆయనకు నవ్వు వచ్చేది కాదు, అదొక్కటే నాకు ఆయనలో విసుగు. పెళ్ళిలో వంటవాళ్ళు మాట్లాడుకుంటున్నా, చావింటి దగ్గర నలుగురు కూర్చున్నా, ఈయన ఉన్నచోట మాట ఎట్లాగో నాజిల్ దగ్గరికి వచ్చి ఆగేది. మా పెదనాన్న కర్మకాండ రోజు భోజనాల వరసలో పక్కన కూర్చున్నాయనకు రవ్వలు ఎందుకు చిమ్ముతాయో చెప్పడం నా చెవులతో విన్నాను.

"రవ్వలు తీసేది పెద్ద పనేం కాదు పాపా" అనేవాడు నాతో. "అవి రాకుండా చేసుకునేది పని. కరెంటు ఎక్కువ పెట్టుకొని, తీగ ఎక్కువ వదులుకొని, గన్ను అంత దూరాన పట్టుకొని పనిచేస్తారు. రవ్వలు చిమ్మవా మరి? చప్పుడు వినాల. పెనం మీద దోసె పోస్తే సుయ్యిమంటాది చూడు, అట్ల ఒక్క తీరుగా రావాల. చిటపటలాడతాందంటే నువ్వు ఏదో తప్పు చేస్తాండావని."

ఆయన షెడ్డు నుంచి నిజంగానే దోసె పోసిన చప్పుడే వచ్చేది. మధ్యాహ్నం పూట రోడ్డంతా కునుకు తీస్తుంటే ఆ సుయ్యిమనే చప్పుడు ఒక్కటే వినిపించేది. నేను గల్లా ముందు కూర్చుని ఆకలి వేస్తోందని మా నాయనతో అంటే, "ఇనుప దోసె తింటావా" అని ఎగతాళి చేసేవాడు.

కొత్త నాజిల్ ఆయన కొనేది దసరాకే. ఆయుధపూజకు అందరూ మిషన్లకు పసుపు కుంకుమ పెడితే ఆయన గన్నుకు కొత్త నాజిల్ తొడిగేవాడు, పండక్కి ఇంట్లోవాళ్ళకు కొత్తబట్టలు పెట్టినట్టు. ఆ కొనడం కూడా ఒక తతంగమే. డబ్బాలో ఉన్నవన్నీ కౌంటరు మీద గుమ్మరించమనేవాడు. ఒక్కొక్కటి అద్దం మీద దొర్లించి, సరిగ్గా దొర్లనిది పక్కన పెట్టి, మిగిలినవాటిలో నుంచి లోకాన్ని చూసేవాడు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా పిల్లను అంతసేపు చూడరు. చివరికి ఒకటి ఎంచుకుని, మిగతావి తనే డబ్బాలో సర్ది, "ఏమనుకోవద్దు పాపా" అని వెళ్ళేవాడు. నేను ఏమీ అనుకునేదాన్ని కాదు. ఆయన పక్కన పెట్టినవాటిని తర్వాత వచ్చినవాళ్ళకు అమ్మడానికి మాత్రం మనసు ఒప్పేది కాదు. అవి వెనక్కి పంపేస్తుంటే మా నాయన గొణిగేవాడు.

రవ్వలు అంటుకోకుండా పూసే ముద్ద ఒకటి డబ్బాల్లో వస్తుంది. నాజిల్ వేడిగా ఉన్నప్పుడు మూతి కొసను అందులో ముంచి తీస్తే చాలు, రవ్వలు జారిపోతాయి. ఆయన మా దగ్గర అది కొనేవాడు. ఒకసారి మాకు వచ్చిన సరుకు అంతా డబ్బాల్లోనే ఎండి పెచ్చులు కట్టింది. కొత్త సరుకు రావడానికి ఆలస్యం అవుతుందన్నాం. ఆయన ఊరుకునే రకం కాదు కదా. ఇంటి నుంచి ఆముదం తెచ్చి నాజిల్ లోపల పూశాడు.

మా ప్రాంతంలో ఆముదానికి లోటు లేదు. బండి ఇరుసుకు అదే, బాలింత బిడ్డ మాడుకు అదే. గన్నుకు ఎందుకు పనికిరాదు అనుకున్నాడు. పనికొచ్చింది కూడా. ఆ సాయంత్రం నాజిల్ పట్టుకుని రోడ్డు దాటి వచ్చి, దాన్ని మా కౌంటరు మీద బోర్లించి, వేలితో చిన్నగా తట్టాడు. రవ్వలన్నీ ఒక్కసారిగా రాలాయి. ఆయన ముఖం చూడాలి. పరీక్షలో ఫస్టు వచ్చిన పిల్లాడి ముఖం కూడా అంత వెలగదు.

"చూసినావా పాపా? పుల్ల పెట్టే పని కూడా లేదు. ఇంక మీ డబ్బాలు మీరే పెట్టుకోండి."

వారం తిరగకముందే రోడ్డంతా ఆముదం. నాజిల్ విషయంలో ఆయన మాట అంటే మాట కదా. టంగ్ టంగ్ మోత తగ్గింది, దాని బదులు బాలింత గది వాసన మొదలైంది. మా నాయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఇటు నాజిళ్ళు పోవు, అటు డబ్బాలు పోవు. నాకు మాత్రం ఆయన గర్వం చూస్తే ముచ్చటేసింది.

ఆ ఎండాకాలం నీళ్ళు లేవు. ఎప్పుడూ ఉండవు కానీ ఆ ఏడు అసలే లేవు. మా వీధిలో నీళ్ళ బండి వచ్చే రోజు బిందెలు ముందురోజే వరసలో పెట్టేవాళ్ళం. చుట్టుపక్కల పల్లెల్లో ట్రాక్టరు ఉన్నవాళ్ళందరూ నీళ్ళ టాంకర్లు చేయించుకోవడానికి మా రోడ్డు మీద పడ్డారు. ప్రతి షెడ్డు ముందూ గుండ్రంగా వంచిన రేకులు, సగం మూసిన పీపాలు.

అప్పుడు వచ్చింది ఒక పెద్దమ్మ. పుల్లలచెరువు దాటాక అడవి అంచున ఎక్కడో వాళ్ళ ఊరు. గొర్రెల మంద ఉన్నవాళ్ళు. భర్త మందతో ఉండిపోతే ఆమె ఒక్కతే బస్సెక్కి వచ్చింది. ఎదురు షెడ్డులో ఆయనతో మాట్లాడుతుంటే మాకు అంతా వినిపిస్తోంది.

"ఊళ్ళో బోర్లన్నీ గాలి కొడతాండాయి నాయనా. కుంటలో బురద కూడా లేదు. మిగతావాళ్ళు మందలు తోలుకొని కిష్ణ ఒడ్డుకు పోయినారు. మావి ఇప్పుడే ఈనినాయి. ఆ పిల్లలు అంత దూరం యాడ నడుస్తాయి? మా చెల్లెలి కొడుకుకు ట్రాక్టరుంది. టాంకరు ఒకటి ఉంటే నీళ్ళు తోలుకొని ఈ ఎండలు గట్టెక్కుతా. లేకుంటే మందంతా కటికోళ్ళకు అప్పజెప్పాల్సిందే."

"ఆ మాట అనొద్దు పెద్దమ్మా" అన్నాడాయన. "అందరికంటే ముందు నీదే చేస్తా."

అన్నట్టే చేశాడు. ముందొచ్చినవాళ్ళు గొడవ పడితే, "గొర్రెపిల్లలు క్యూలో నిలబడవు" అని నోరు మూయించాడు. టాంకరు పూర్తయింది. మామూలుగా అయితే దాన్ని నీళ్ళతో నింపి, ఒక పూటంతా ఉంచి, చుట్టూ తిరిగి తడి చూసి గానీ పంపేవాడు కాదు. ఆరోజు బయటికొచ్చి, నీళ్ళ బండి కోసం మా గుమ్మం దాకా వరసలో ఉన్న బిందెలను చూశాడు. పరీక్ష పేరుతో టాంకరెడు నీళ్ళు ఎవరిని అడుగుతాడు? అతుకులన్నీ కంటితో చూసుకుని, వేలితో తడుముకుని, రంగు వేసి పంపించేశాడు. నీళ్ళు మోయడానికి చేసిన టాంకరును చూసుకోవడానికే నీళ్ళు లేవు, మా ఊరి బతుకు అట్లా ఏడ్చింది.

రెండోరోజు పొద్దున టాంకరు తిరిగి వచ్చింది. చెల్లెలి కొడుకు ట్రాక్టరు నడుపుతుంటే పెద్దమ్మ ఇంజిను పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని ఉంది. ఆమె అరవలేదు. దిగి, టాంకరు పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించింది.

"గతుకుల రోడ్డు నాయనా. ఊగేకొద్దీ ఈడ, ఈడ, ఈడ చెమట పట్టినట్టు కారింది. ఊరు చేరేటప్పటికి అడుగున ఉండాయి నీళ్ళు. పెద్దవాటికి చాల్లేదు. పొద్దున రెండు పిల్లలు లేవలేదు."

ఆయన సుత్తీ ఉలీ తీసుకుని అతుకు మీద రంగు చెక్కాడు. కింద సూది గుచ్చినట్టు వరసగా బెజ్జాలు. రంగు వాటిని కప్పి ఉంచింది, నీళ్ళ ఊపుకు అదంతా ఊడి వచ్చింది.

చుట్టూ పక్క షెడ్లవాళ్ళు మూగారు. మా నాయన కుర్చీలో నుంచి లేచి నిలబడ్డాడు. ఆయన భయం నాకు తెలుసు. తీగ చుట్ట మా దుకాణంలోదే. మా వ్యాపారంలో అతుకు చెడితే తప్పు ముందు తీగ మీదికే వస్తుంది. అనుకున్నట్టే పక్క షెడ్డతను ఈయన చెవి దగ్గర, మాకు వినపడేటట్టే అన్నాడు: "తీగ మంచిది రాలేదను అన్నా, అయిపోతాది."

ఈయన ఆ మాట విననట్టే గన్ను దగ్గరికి పోయి నాజిల్ ఊడదీశాడు. ఎండకేసి చూశాడు. మూతి అద్దంలా మెరుస్తోంది. దాన్ని బిగింపులో పెట్టి, రంపపు బ్లేడుతో నిలువునా కోయడం మొదలుపెట్టాడు. మా దుకాణంలో కొన్న నాజిల్‌ను ఎవరైనా ఇట్లా కోయడం నేను ఎప్పుడూ చూడలేదు. ఇత్తడి పొడి బంగారంలా రాలుతోంది, ఎవరూ కదలడం లేదు. రెండు బద్దలను పలకబండ మీద పరిచి, వెనక గ్యాసు వచ్చే చిన్న ముక్కను వాటి పక్కన పెట్టాడు. ముక్క చుట్టూ ఉండే బెజ్జాలు కనపడడం లేదు. ఆముదం లోపలికి పాకి, కాగి కాగి, నల్లటి బంకలా వాటిని పూడ్చేసింది. మూతిని శుభ్రంగా ఉంచి, లోపల గ్యాసును ఆపేసింది.

"ఇన్నాళ్ళు మూతే చూసినా" అన్నాడు. "లోపలికి చూళ్ళేదు."

తర్వాత గొంతు పెంచి, రోడ్డంతటికీ వినపడేటట్టు చెప్పాడు. "అందరూ వచ్చి చూడండి. ఎవరూ తీగది అనొద్దు, రేకుది అనొద్దు. ఆముదం పూయమని మీకు చెప్పింది నేను. తప్పు నాది. మీ నాజిళ్ళు కూడా ఇప్పుడే ఊడదీయండి. ఆముదం మొదలుపెట్టినప్పటి నుంచి మీరు చేసిన టాంకర్లు ఏయే ఊళ్ళకు పోయినాయో నాకు చెప్పండి. నేను పోయి చూసుకుంటా."

పని తెలిసినవాడు తన పనిలో తప్పు ఒప్పుకోవడం నేను అదివరకు చూడలేదు. తర్వాత కూడా పెద్దగా చూడలేదు. నా కళ్ళకు ఆయన ఎప్పుడూ అంత ఎత్తుగా కనపడలేదు. మా నాయన మళ్ళీ కుర్చీలో కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "పాపా, ఒక కొత్త నాజిల్ ఆయనకు ఇచ్చిరా" అన్నాడు. నేను డబ్బా మొత్తం తీసుకెళ్ళాను. ఆయన ఆరోజు దొర్లించి చూడలేదు, చేతికి అందింది తొడిగేశాడు.

ఆ మిట్టమధ్యాహ్నం ఎండలో, రేకుల కింద, పాత అతుకులన్నీ గ్రైండరుతో కోసి మళ్ళీ మొదటి నుంచి వేశాడు. జానెడు జానెడు వేయడం, ఆపడం, నాజిల్ ఊడదీయడం, పుల్ల పెట్టి తిప్పడం, మూతీ వెనకా చూడడం, మళ్ళీ వేయడం. పెద్దమ్మ మా దుకాణం మెట్ల మీద నీడలో కూర్చుంది. అన్నం పెడతానంటే వద్దంది. మజ్జిగ మాత్రం తాగింది.

"ఇంటికాడ ఎన్ని ఉండాయి పెద్దమ్మా?" అని అడిగాను.

"ఎన్నని చెప్పేది తల్లీ. ఈ పొద్దు ఉన్నవి రేపు ఉంటాయా అనేదే నా భయం" అంది. ఆమె చూపు షెడ్డు మీద నుంచి కదలలేదు. కాసేపటికి ఉండబట్టలేక లేచి వెళ్ళింది. "నాయనా, పొద్దు పోతాంది. మాటిమాటికి ఆపుతాండావు, తొందరగా కానీయ్యి."

"తొందర పడితేనే పెద్దమ్మా ఇట్ల అయ్యింది" అన్నాడాయన, తల ఎత్తకుండానే.

ఎండ తగ్గే వేళకు పని అయింది. రంగు వేయలేదు. అతుకులు పచ్చిగా, బూడిద రంగులో మెరుస్తున్నాయి. ఊరి బయట ఒక తోటలో బోరు ఇంకా పోస్తోందని తెలుసుకుని, టాంకరు అక్కడ నింపుకుని అటునుంచే వెళ్ళాలని అనుకున్నారు. ఈయన షెడ్డు తాళం అర్ధవీడు బావ చేతికిచ్చి, చేతులైనా కడుక్కోకుండా ట్రాక్టరు ఎక్కాడు.

"నువ్వెందుకన్నా?" అని అడిగాను.

"గతుకుల్లో చూడాల కదా పాపా. నిలబెట్టి చూస్తే ఏం తెలుస్తాది?"

మర్నాడు బస్సులో తిరిగి వచ్చాడు. ఏమైందని మా నాయన అడిగితే, "చేరినాయి నీళ్ళు" అని ఒక్క ముక్క చెప్పి షెడ్డులోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన పొద్దున పని చేసి, మధ్యాహ్నం నుంచి మోటారు సైకిల్ మీద ఊళ్ళు తిరిగాడు. రోడ్డువాళ్ళు చెప్పిన ప్రతి టాంకరునూ వెతికి చూశాడు. కారేవాటిని వెనక్కి రప్పించి, వేరే షెడ్డులో చేసినవైనా సరే, తనే కోసి తనే వేశాడు. ఆ ఊళ్ళల్లో ఆయన్ని తిట్టినవాళ్ళూ ఉన్నారట. నాకు ఆయన ఎప్పుడూ చెప్పలేదు, ఆయనతో వెళ్ళిన అర్ధవీడు బావ చెప్పాడు. ఆముదం వాసన మా రోడ్డు నుంచి పోయింది. టంగ్ టంగ్ మోత మాత్రం తిరిగి రాలేదు. సిగ్గుపడో, భయపడో, ప్రతివాడూ తుమ్మపుల్ల చెక్కుకున్నాడు.

వానలు పడ్డాక ఒకరోజు పెద్దమ్మ మా దుకాణానికి వచ్చింది, దొడ్డి తలుపుకు గొలుసు కావాలని. మంద నిలబడిందని చెప్పింది. ఎదురు షెడ్డులో ఆయన లేడు, ఏదో ఊరు పోయాడు. ఉంటే ఆమె ఆ మాటలు చెప్పేది కాదేమో.

"ఆ పొద్దు ఊరు చేరేటప్పటికి పొద్దు గుంకింది తల్లీ. దారి పొడుగూతా మీ వెల్డింగు ఆయన ఆపమనేది, దిగేది, చుట్టూ తడిమి చూసేది, మళ్ళా ఎక్కేది. ఇంటికాడ మంద అరుస్తాంది. తొట్టికి పైపు పెట్టి వదిలినాం. గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడి తాగుతాంటే మేమంతా వాటినే చూస్తా నిలబడినాం. ఆయన యాడున్నాడా అని చూస్తే కనపడలే. టాంకరు కింద ఎల్లకిల పండుకొని ఉండాడు. అతుకు ఎంబడి అరచెయ్యి ఆనించుకుంటా పోతాండాడు. గొర్రెపిల్లలు వచ్చి ఆయన కాళ్ళ మీదెక్కి తొక్కుతాండాయి, కదల్లే. 'రా నాయనా, ఇంత సంగటి తిందువు' అని వంగి చూసినా. మొఖమంతా తడి తల్లీ. 'ఏంది నాయనా, మళ్ళా కారతాందా?' అన్నా."

పెద్దమ్మ గొలుసును చుట్టగా చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"'లేదు పెద్దమ్మా' అన్నాడు. 'టాంకరు పొడిగానే ఉంది.'"